ఆర్101 కూలింది, దావా ఎవరి మీద వేయాలి? సైమన్ జీవితంలో మనం చదవని అధ్యాయం

1930 అక్టోబర్ 4, శనివారం సాయంత్రం. ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్ నుంచి ఓ భారీ ఎయిర్‌షిప్ వానలోనే బయలుదేరింది. దాని పేరు ఆర్101. పొడవు 777 అడుగులు. లోపల 54 మంది ఉన్నారు. మధ్యలో ఈజిప్టులోని ఇస్మాయిలియాలో ఆగి, అప్పటి భారతదేశంలోని కరాచీకి చేరాలి. దాని కోసం కరాచీలో భారీ షెడ్డు, దాన్ని కట్టేసే స్తంభం అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

అది ఫ్రాన్స్ కూడా దాటలేదు. అర్ధరాత్రి దాటి రెండు గంటలయ్యాక, బోవే పట్టణం దగ్గర ఓ కొండవాలు మీద ముక్కు ఆనించి ఆగిపోయింది. లోపల నిండా ఉన్న హైడ్రోజన్ క్షణాల్లో అంటుకుంది. 48 మంది చనిపోయారు. ఆరుగురు మాత్రమే బతికారు.

ఎందుకు కూలిందో తేల్చే బాధ్యతను బ్రిటిష్ ప్రభుత్వం ఒక ప్రముఖ న్యాయవాదికి అప్పగించింది. ఆయన పేరు సర్ జాన్ సైమన్. రెండేళ్ల ముందు భారతదేశమంతా నల్లజెండాలతో వెనక్కి పొమ్మన్న సైమన్ ఆయనే.

మన పాఠ్యపుస్తకాల్లో ఆయన కథ 1930లో కమిషన్ నివేదికతో ముగుస్తుంది. ఆర్101 విచారణ ఆ తర్వాత మొదలైంది. ప్రభుత్వం తయారు చేసి, ప్రభుత్వమే నడిపిన వాహనం కూలితే, చనిపోయినవారి కుటుంబాలు ఎవరి మీద దావా వేయాలి? ఆ రోజుల్లో బ్రిటన్‌లో ఆ ప్రశ్నకు జవాబు లేదు. తర్వాతి పదహారేళ్లలో ఆ ప్రశ్న వేర్వేరు రూపాల్లో సైమన్ ముందుకు వచ్చింది. ఆయన ఒకసారి తలుపు మూశారు. ఇంకోసారి ఆ తలుపు తెరుచుకోవడానికి కారణమయ్యారు. దాని ప్రభావం మన సుప్రీంకోర్టు దాకా వచ్చింది.

పాస్టర్ కొడుకు, పేరున్న లాయర్

జాన్ ఆల్సెబ్రూక్ సైమన్ 1873 ఫిబ్రవరి 28న మాంచెస్టర్‌లో పుట్టారు. తండ్రి కాంగ్రిగేషనల్ చర్చిలో పాస్టర్. కుటుంబ మూలాలు వేల్స్‌లో ఉన్నాయి. పెద్ద ఆస్తిపాస్తులేమీ లేవు. ఎడిన్‌బరాలోని ఫెటెస్ కాలేజీలో, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లోని వాధామ్ కాలేజీలో చదివారు. ఆల్ సోల్స్ కాలేజీ ఫెలోగా ఎంపికయ్యారు. 1899లో బారిస్టర్ అయ్యారు. అదే ఏడాది చేసుకున్న పెళ్లి మూడేళ్లే నిలిచింది. 1902లో ఆయన మొదటి భార్య చనిపోయారు.

ఆ తర్వాత ఆయన పనిలో మునిగిపోయారు. 1906లో లిబరల్ పార్టీ తరఫున పార్లమెంటుకు గెలిచారు. 1910లో, నలభై ఏళ్లు కూడా నిండకుండానే, సొలిసిటర్ జనరల్ అయ్యారు. ఏ చిక్కుముడినైనా విప్పగల తెలివి, ఎవరితోనూ కలవని స్వభావం కలిసిన మనిషిగా ఆయనకు పేరుండేది. సహచరులు గౌరవించేవారే గానీ దగ్గరకు తీసేవారు కాదు.

ఆ పదవిలో ఉండగానే ఆయన తొలిసారి ఒక మహా ప్రమాదాన్ని దగ్గర నుంచి చూశారు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగింది. బ్రిటన్‌లో జరిగిన విచారణలో నౌకలను పర్యవేక్షించే బోర్డ్ ఆఫ్ ట్రేడ్ తరఫున అటార్నీ జనరల్ రూఫస్ ఐజాక్స్, సొలిసిటర్ జనరల్ సైమన్ హాజరయ్యారు. నౌకలో ఎన్ని లైఫ్‌బోట్లు ఉండాలో చెప్పే నిబంధనలను కాలానికి తగ్గట్టు మార్చకుండా వదిలేసింది ఆ బోర్డే. అంటే విచారణలో ప్రశ్నలు వేసే పక్షానికీ ఆ ప్రమాదంలో కొంత వాటా ఉంది.

అయితే టైటానిక్ ఒక కంపెనీ ఓడ. అందుకే బాధితులకు విచారణతో పాటు కోర్టు దారి కూడా ఉంది. కొడుకును పోగొట్టుకున్న ఐర్లండ్ రైతు ఒకరు లండన్‌లో ఆ కంపెనీ మీద దావా వేశారు. మంచుకొండలున్న చోట అంత వేగంగా నడపడం నిర్లక్ష్యమేనని 1913లో జ్యూరీ తేల్చింది. ఆయనకు 100 పౌండ్లు వచ్చాయి. పై కోర్టు కూడా ఆ తీర్పును నిలబెట్టింది. అది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ తప్పు ఎవరిదో ఒక కోర్టు పేరు పెట్టి చెప్పింది. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆర్101 కుటుంబాలకు ఆ పాటి అవకాశం కూడా దక్కలేదు.

నల్లజెండాల మధ్య రెండేళ్లు

1913లో సైమన్ అటార్నీ జనరల్‌గా కేబినెట్‌లో చేరారు. 1915లో లార్డ్ ఛాన్సలర్ పదవి ఇస్తామన్నా వద్దని, హోంమంత్రి అయ్యారు. యువకులను నిర్బంధంగా సైన్యంలో చేర్చే చట్టాన్ని వ్యతిరేకిస్తూ 1916 జనవరిలో రాజీనామా చేశారు. ఆ వెంటనే పిరికివాడన్న ముద్ర పడింది. 1917లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరి, ఫ్రాన్స్‌లో ట్రెంచార్డ్ సిబ్బందిలో పనిచేశారు. అలా విమానాల ప్రపంచంతో ఆయనకు పరిచయం ఏర్పడింది.

1927 నవంబర్‌లో భారత రాజ్యాంగ సంస్కరణలను పరిశీలించే కమిషన్‌కు ఆయనను అధ్యక్షుడిగా నియమించారు. దాని కోసం బాగా సంపాదించి పెడుతున్న ప్రాక్టీసును వదులుకున్నారు. ఏడుగురు సభ్యుల్లో ఒక్క భారతీయుడూ లేడు. ఆ ఏడుగురిలో క్లెమెంట్ అట్లీ ఒకరు.

1928 ఫిబ్రవరి 3న కమిషన్ బొంబాయిలో దిగింది. ఆ రోజు దేశమంతా హర్తాళ్. మద్రాసులో పోలీసులు కాల్పులు జరిపారు. తుపాకులకు ఎదురుగా టంగుటూరి ప్రకాశం రొమ్ము విరిచి నిలబడింది అప్పుడే. ఆంధ్రకేసరి అన్న బిరుదుకు మూలం ఆ ఘటనే. అదే ఏడాది అక్టోబర్ 30న లాహోర్ నిరసనలో లాలా లజపతిరాయ్‌పై లాఠీలు విరుచుకుపడ్డాయి. నవంబర్ 17న ఆయన మరణించారు.

1930 జూన్‌లో కమిషన్ రెండు సంపుటాల నివేదిక ఇచ్చింది. అప్పటికే దేశం ఉప్పు సత్యాగ్రహంలో ఉంది. నివేదికను ఎవరూ పట్టించుకోలేదు. రౌండ్ టేబుల్ సమావేశానికి బ్రిటిష్ లేబర్ ప్రభుత్వం సైమన్‌ను పిలవలేదు. సరిగ్గా ఆ సమయంలో, భారతదేశానికి బయలుదేరిన ఎయిర్‌షిప్ కూలింది. ఆ విచారణను సైమన్‌కు అప్పగించారు.

కట్టింది, తనిఖీ చేసింది, నడిపింది ఒక్కరే

సామ్రాజ్యంలోని దూర ప్రాంతాలను ఎయిర్‌షిప్‌లతో కలపాలన్నది 1920ల బ్రిటిష్ ప్రభుత్వ కల. రెండు నౌకలను కట్టించారు. ఆర్100ను ప్రైవేటు కంపెనీ కట్టింది. 1930 వేసవిలో అది కెనడాకు వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చింది. ఆర్101ను ప్రభుత్వ ఎయిర్ మినిస్ట్రీ సొంతంగా కట్టింది.

ఆర్101 అనుకున్నదానికంటే చాలా బరువు తేలింది. ఎక్కువ గ్యాస్ పట్టాలని లోపలి సంచులను వదులు చేశారు. అవి లోహపు చట్రానికి రాసుకుని చిల్లులు పడటం మొదలైంది. చిల్లులు పడకుండా మెత్తలు కట్టారు. ఇలా మెత్తలు కట్టి నడపడం సరికాదని ఓ తనిఖీ అధికారి 1930 జూలైలోనే రాతపూర్వకంగా హెచ్చరించారు. అయినా పని ఆగలేదు. నౌకను మధ్యకు కోసి, కొత్త భాగం చేర్చి పొడవు పెంచారు. ఇంత పెద్ద మార్పు తర్వాత ఒకే ఒక్క పరీక్షా ప్రయాణం చేశారు. ప్రశాంతమైన వాతావరణంలో, పూర్తి వేగం అందుకోకుండానే అది ముగిసింది. ఎగరడానికి తగినదన్న ధ్రువపత్రం బయలుదేరే ముందు చేతికి అందింది. దాన్ని ఇచ్చింది కూడా నౌకను కట్టిన ఎయిర్ మినిస్ట్రీయే.

ఇంత తొందర ఎందుకంటే ఎయిర్ మంత్రి లార్డ్ థామ్సన్ ప్రయాణం అప్పటికే ఖరారైంది. ఆయన పుట్టింది మన నాసిక్‌లో. భారతదేశానికి వెళ్లి, అక్టోబర్ 20 నాటికి సామ్రాజ్య సదస్సు కోసం లండన్ తిరిగి రావాలన్నది ఆయన ప్రణాళిక. ప్రమాదంలో ఆయన చనిపోయారు. పౌర విమానయాన డైరెక్టర్ సెఫ్టన్ బ్రాంకర్, నౌకను రూపొందించిన రిచ్‌మండ్, ప్రయాణాన్ని పర్యవేక్షించిన మేజర్ స్కాట్, కెప్టెన్ ఇర్విన్, భారత ప్రభుత్వ పౌర విమానయాన డిప్యూటీ డైరెక్టర్ ఓనీల్ కూడా చనిపోయారు. నిర్ణయాలు తీసుకున్నవారు, వాటిని అమలు చేసిన మామూలు సిబ్బంది ఒకే మంటలో కాలిపోయారు. అందరినీ కార్డింగ్టన్‌లో ఒకే సమాధిలో పూడ్చారు.

విచారణ ఏం చెప్పింది?

సైమన్‌కు తోడుగా ఇద్దరు నిపుణులను నియమించారు. ఒకరు పేరొందిన వైమానికుడు మూర్-బ్రబజాన్. మరొకరు కేంబ్రిడ్జి ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఇంగ్లిస్. 1930 అక్టోబర్ 28న లండన్‌లో బహిరంగ విచారణ మొదలైంది. ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ విలియం జోవిట్ హాజరయ్యారు. ఈ పేరు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది. బతికిన సిబ్బంది సాక్ష్యం చెప్పారు. నమూనాలతో ప్రయోగశాలలో పరీక్షలు చేశారు. జర్మనీ నుంచి జెపెలిన్ నిపుణుడు ఎకెనర్ వచ్చి తన అభిప్రాయం చెప్పారు.

1931 మార్చి చివర్లో నివేదిక సిద్ధమైంది. గాలివానలో ముందు భాగంలోని సంచుల నుంచి గ్యాస్ పోయి, నౌక ముక్కు కిందికి వాలి నేలను తాకిందని తేల్చింది. తగినన్ని పరీక్షలు జరగలేదని చెప్పింది. ప్రభుత్వ విధానపరమైన కారణాలు లేకపోతే ఆ సాయంత్రం ఆర్101 భారతదేశానికి బయలుదేరేదే కాదని కూడా చెప్పింది. నివేదిక మొత్తంలో అన్నిటికంటే ఘాటైన మాట ఇదే. దీన్ని కూడా ఎవరి పేరూ ఎత్తకుండా, చాలా మర్యాదగా చెప్పారు. ఏ ఒక్కరినీ దోషిగా నిలబెట్టలేదు.

ఇంజినీరింగ్ కోణంలో ఆ నివేదికకు ఇప్పటికీ గౌరవం ఉంది. అయితే ప్రమాదం ఎలా జరిగిందో చెప్పడం విచారణ పని. ఎవరు బాధ్యులో, ఎంత చెల్లించాలో తేల్చడం కోర్టు పని. చనిపోయినవారి కుటుంబాలకు మొదటిది దొరికింది. రెండోదానికి దారి ఉందా?

దావా వేయాలనుకుంటే

1931లో ఆ కుటుంబాల్లో ఎవరైనా న్యాయవాది దగ్గరికి వెళ్లి ఉంటే, ఆయన ఒకదాని తర్వాత ఒకటిగా మూసిన తలుపులు చూపించాల్సి వచ్చేది.

మొదటిది రాజు. ప్రభుత్వ ఆస్తి అంటే చట్టం దృష్టిలో రాజు ఆస్తి. రాజు తప్పు చేయడన్నది పాత సూత్రం. కాంట్రాక్టు ఉల్లంఘన అయితే అనుమతి తీసుకుని రాజును కోర్టుకు పిలిచే పద్ధతి ఉంది. నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి ఆ పద్ధతి కూడా లేదు.

రెండోది అధికారులు. తప్పు చేసిన అధికారి మీద వ్యక్తిగతంగా దావా వేయవచ్చు. కానీ ఇక్కడ కీలక నిర్ణయాలు తీసుకున్నవారిలో చాలామంది చనిపోయారు. తప్పు చేసిన మనిషి పోతే అతని మీద దావా కూడా పోతుందన్నది అప్పటి ఇంగ్లిష్ న్యాయం. ఆస్తి వారసులకు వస్తుంది గానీ, నిర్లక్ష్యానికి బాధ్యత రాదు. 1934లో చట్టం చేసేదాకా ఈ నియమం మారలేదు.

మూడోది పైఅధికారులు. కిందివాళ్ల తప్పుకు పైవాళ్లు బాధ్యులు కారు. ఎందుకంటే ఇద్దరూ రాజు సేవకులే. యజమాని రాజు, ఆయన మీద దావా కుదరదు.

నాలుగోది తోటి ఉద్యోగి నియమం. ఒక ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల మరో ఉద్యోగికి నష్టం జరిగితే యజమానిని తప్పుపట్టలేరు. అది 1948 దాకా ఉంది. రాజు మీద దావా కుదిరినా సిబ్బంది కుటుంబాలకు ఈ గోడ ఎదురయ్యేది.

ఆర్100 కూలి ఉంటే కనీసం కోర్టు కాగితం మీద రాయడానికి ఒక కంపెనీ పేరు ఉండేది. గెలుస్తారా లేదా అన్నది వేరే సంగతి. ఆర్101 విషయంలో ప్రతివాది అన్న గడిలో రాయడానికి పేరే లేదు. దావా వేయాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆ కుటుంబాల తరఫున చట్టం ముందే తీసేసుకుంది.

ఈ అన్యాయం ఎవరికీ తెలియనిది కాదు. 1921లో లార్డ్ ఛాన్సలర్ బర్కెన్‌హెడ్ దీని మీద ఓ కమిటీ వేశారు. 1927లో ఆ కమిటీ ముసాయిదా బిల్లు కూడా ఇచ్చింది. ప్రభుత్వ శాఖలు ఇష్టపడలేదు, అది అటకెక్కింది. విచిత్రమేమిటంటే, అదే ఏడాది భారత వ్యవహారాల మంత్రి హోదాలో సైమన్ కమిషన్‌ను నియమించింది కూడా బర్కెన్‌హెడే.

ఇందులో మరో వైచిత్రి ఉంది. బ్రిటన్ పౌరుడికి లేని ఈ హక్కు, కొంతమేరకు, బ్రిటన్ పాలిస్తున్న భారతీయుడికి ఉంది. ఈస్టిండియా కంపెనీ వ్యాపార సంస్థగా మొదలైంది కాబట్టి దాని మీద దావా వేయవచ్చు. 1858లో పాలన రాణి చేతికి వెళ్లినా ఆ హక్కును చట్టంలో కొనసాగించారు. 1861లో కలకత్తా సుప్రీంకోర్టు, ప్రభుత్వ డాక్‌యార్డు పనివాళ్ల నిర్లక్ష్యంతో ఓ ఓడల కంపెనీ గుర్రం గాయపడిన కేసులో, ప్రభుత్వం పరిహారం చెల్లించాలంది. అయితే ఒక గీత గీసింది. వ్యాపారంలాంటి పనులకు ప్రభుత్వం బాధ్యత వహిస్తుంది, సార్వభౌమ అధికారంతో చేసే పనులకు వహించదు. ఆ గీత దగ్గరికి మళ్లీ వద్దాం.

తలుపు మూసిన తీర్పు

ఆర్101 తర్వాత సైమన్ రాజకీయంగా ఎదుగుతూనే పోయారు. 1931లో విదేశాంగ మంత్రి, 1935లో హోంమంత్రి, 1937లో ఆర్థిక మంత్రి అయ్యారు. హిట్లర్‌తో రాజీ ధోరణికి బాధ్యుల్లో ఒకరన్న మచ్చ ఆయన మీద పడింది. 1940లో చర్చిల్ ఆయనను యుద్ధ కేబినెట్‌కు దూరంగా ఉంచి, లార్డ్ ఛాన్సలర్‌ను చేశారు. 1915లో వద్దన్న పదవే పాతికేళ్ల తర్వాత వచ్చింది. అలా దేశంలో అత్యున్నత న్యాయమూర్తి స్థానంలో కూర్చున్న ఆయన ముందుకు మరో ప్రమాదం వచ్చింది.

1939 జూన్ 1న థెటిస్ అనే కొత్త జలాంతర్గామి లివర్‌పూల్ దగ్గర పరీక్షా ప్రయాణంలో మునిగింది. 99 మంది చనిపోయారు. నలుగురు బయటపడ్డారు. దాన్ని కట్టింది ప్రైవేటు కంపెనీ. కాబట్టి ఈసారి కుటుంబాలు దావా వేయగలిగాయి. కంపెనీ నిర్లక్ష్యాన్ని నిరూపించడానికి కాంట్రాక్టు పత్రాలు, నివేదికలు కావాలని అడిగారు. వాటిని బయటపెట్టడం ప్రజాప్రయోజనానికి హానికరమని నౌకాదళ మంత్రి అభ్యంతరం చెప్పారు.

1942లో ఏడుగురు న్యాయమూర్తుల తరఫున సైమన్ తీర్పు ఇచ్చారు. మంత్రి సరైన పద్ధతిలో అభ్యంతరం చెబితే అదే తుది మాట, కోర్టు ఆ కాగితాలను తెరిచి చూడకూడదన్నది దాని సారాంశం. యుద్ధకాలంలో జలాంతర్గామి నమూనాను రహస్యంగా ఉంచడంలో అర్థముంది. కానీ ఆ తీర్పు అక్కడితో ఆగలేదు. యుద్ధంతో సంబంధం లేని మామూలు ప్రభుత్వ ఫైళ్లకు కూడా అదే కవచమైంది. థెటిస్ కుటుంబాలు 1946లో చివరి కోర్టులోనూ ఓడిపోయాయి. ఆ నియమాన్ని బ్రిటన్ 1968లో గానీ పక్కన పెట్టలేదు.

ఆర్101 విషయంలో బహిరంగంగా సాక్ష్యాలు విని, ప్రభుత్వ కాగితాలను తిరగేసి నిజం వెలికితీసిన వ్యక్తే, పన్నెండేళ్ల తర్వాత అలాంటి కాగితాలను కోర్టు చూడకూడదన్నారు. ప్రభుత్వం తనంతట తాను విచారణ జరిపిస్తే కాగితాలు బయటికొస్తాయి. బాధితులు హక్కుగా అడిగితే రావు. ఆయన జీవితంలోని ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన పెడితే అప్పటి వ్యవస్థ స్వభావం అర్థమవుతుంది.

తలుపు తెరిపించిన తీర్పు

1945లో లేబర్ పార్టీ గెలవడంతో సైమన్ పదవి నుంచి దిగారు. హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కేసులు వినడం మాత్రం మానలేదు. 1946లో ఆడమ్స్ వర్సెస్ నేలర్ అనే కేసు వచ్చింది. యుద్ధ సమయంలో సముద్రతీరంలో సైన్యం పాతిన మందుపాతర మీద అడుగుపడి ఓ పిల్లవాడు చనిపోయాడు, మరొకడు గాయపడ్డాడు. రాజు మీద దావా వేయలేరు కాబట్టి, అప్పటి ఆనవాయితీ ప్రకారం ప్రభుత్వం ఒక సైనికాధికారి పేరు ఇచ్చింది. ఆయన మీద దావా వేసుకోండి, ఓడితే డబ్బు మేం కడతాం అన్నది ఆ ఏర్పాటు.

సైమన్, తోటి న్యాయమూర్తులు ఈ ఏర్పాటును తప్పుపట్టారు. కోర్టు ముందున్న మనిషి స్వయంగా తప్పు చేశాడా అన్నదే కోర్టు చూస్తుంది, అతని వెనుక ప్రభుత్వం ఉందన్న సంగతి కోర్టుకు అనవసరమన్నారు. ఆ పిల్లల కేసు ఓడిపోయింది. కానీ ఆ మాటతో, అన్నేళ్లుగా లోపాన్ని కప్పిపుచ్చిన తెర చిరిగిపోయింది. నామమాత్రపు ప్రతివాదితో ఇక పని నడవదని తేలడంతో ప్రభుత్వానికి చట్టం చేయక తప్పలేదు.

1947 జూలైలో క్రౌన్ ప్రొసీడింగ్స్ చట్టం వచ్చింది. దాన్ని పార్లమెంటులో ప్రవేశపెట్టిన లార్డ్ ఛాన్సలర్ విలియం జోవిట్. ఆర్101 విచారణలో ప్రభుత్వం తరఫున నిలబడిన జోవిట్ ఆయనే. ప్రధాని క్లెమెంట్ అట్లీ, సైమన్ కమిషన్‌లో సభ్యుడు. అదే నెలలో, అదే పార్లమెంటు భారత స్వాతంత్ర్య చట్టాన్ని కూడా ఆమోదించింది.

1948 జనవరి 1 నుంచి మామూలు యజమానిలాగే ప్రభుత్వం మీద కూడా దావా వేయగల హక్కు బ్రిటన్ పౌరుడికి దక్కింది. సైనికులకు మాత్రం అది 1987 దాకా దక్కలేదు. ఆర్101 కుటుంబాలకు ఇవేవీ ఉపయోగపడలేదు. అప్పటికి పదిహేడేళ్లు గడిచిపోయాయి.

సైమన్ 1954 జనవరి 11న చనిపోయారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం.

ఆ గీత మన దగ్గర ఇంకా ఉంది

బ్రిటన్ చట్టం మార్చుకుంది. మనం మార్చుకోలేదు. రాజ్యాంగంలోని 300వ అధికరణం, రాజ్యాంగానికి ముందు ప్రభుత్వం మీద ఎంతమేరకు దావా వేయగలిగేవారో ఇప్పుడూ అంతేనంది. పార్లమెంటు కావాలంటే కొత్త చట్టం చేయవచ్చని వదిలేసింది. అలా 1861 నాటి గీత స్వతంత్ర భారతంలోకి వచ్చింది.

1956లో తొలి లా కమిషన్ తన మొట్టమొదటి నివేదికనే ఈ అంశం మీద ఇచ్చి, చట్టం చేయమంది. 1960లలో రెండుసార్లు బిల్లులు వచ్చినా చట్టం కాలేదు. 1964లో కస్తూరీలాల్ కేసులో ఆ లోటు కళ్లకు కట్టింది. మీరట్ పోలీసులు ఓ వ్యాపారి బంగారం స్వాధీనం చేసుకున్నారు. హెడ్ కానిస్టేబుల్ దాంతో పాకిస్తాన్ పారిపోయాడు. అయినా అది సార్వభౌమ విధిలో భాగం కాబట్టి ప్రభుత్వం చెల్లించనక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చట్టం మారాలని కూడా అదే తీర్పులో చెప్పింది.

చట్టసభలు చేయని పనిని తర్వాత కోర్టులు కొంచెం కొంచెంగా చేశాయి. అందులో ఒక ముఖ్యమైన మలుపు మన నేల నుంచే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అధికారులు స్వాధీనం చేసుకున్న ఎరువులు పాడైపోయిన నాగేంద్రరావు కేసులో, ఆధునిక రాజ్యంలో సార్వభౌమ విధి పేరుతో ఇలాంటి నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చలేరని 1994లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాణహక్కు ఉల్లంఘన జరిగితే నేరుగా పరిహారం ఇప్పించే పద్ధతి కూడా 1980ల నుంచి బలపడింది. ప్రభుత్వ కాగితాలను కోర్టు చూడవచ్చని 1975లో రాజ్‌నారాయణ్ కేసు చెప్పింది.

2017లో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన కేసు ఆర్101 ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరిది. 2005లో కూలిన మిగ్-21 నుంచి బయటపడి, శాశ్వతంగా గాయాలపాలైన వైమానిక దళ అధికారి ఒకరు కోర్టుకెక్కారు. 1960ల నుంచి దళంలో ఉన్న రకం విమానం అది. సైన్యంలో చేరినవాడు ప్రమాదానికి సిద్ధపడతాడు గానీ, లోపభూయిష్టమైన పనితనానికి సిద్ధపడాల్సిన అవసరం లేదన్న వాదనను కోర్టు అంగీకరించింది. కేంద్రం, హిందుస్తాన్ ఏరోనాటిక్స్ కలిపి 55 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది.

కానీ ఇది తీర్పుల మీద తీర్పులతో ఏర్పడిన కాలిబాటే. చట్టం వేసిన రోడ్డు కాదు. ప్రభుత్వ వాహనం కూలినప్పుడు, ప్రభుత్వ ఆసుపత్రిలో తప్పు జరిగినప్పుడు, దావా వేయాలా వద్దా అని ఆలోచించే కుటుంబానికి ఈరోజు కూడా న్యాయవాది ముందుగా చెప్పాల్సింది, ఆ పని గీతకు ఏ పక్కన ఉందోనన్న సందేహాన్నే. విచారణ కమిటీలు మాత్రం ప్రతి ప్రమాదం తర్వాతా వెంటనే ఏర్పాటవుతాయి. సైమన్ విచారణలాగే వాటిలో కొన్ని నిజాయితీగా కూడా పనిచేస్తాయి. లా కమిషన్ 1956లో అడిగిన చట్టం మాత్రం ఇంకా రాలేదు.